గాలి తగలని పొడి

"తలుపు దగ్గర్నించి లే."

"లేవను."

"లేస్తావా, వాచ్‌మన్‌ని పిలవమంటావా?"

"పిలువు. వాడొచ్చినా చెప్పేది ఇదే. ఆ మందు ఈ పూట పిట్టకి ఎక్కించొద్దు."

అక్క వీధి తలుపుకు వీపు ఆనించి నేల మీదే కూర్చుంది. హెల్మెట్ ఇంకా ఒళ్ళోనే ఉంది. కిటికీలోంచి జారిన ఎండ ఆమె మోకాళ్ళ దాకా పాకినా కదల్లేదు. ఎదురుగా నడుం మీద చేతులు పెట్టుకుని చెల్లెలు. చెల్లెలి పక్కన ఆస్పత్రికి సర్దిన బ్యాగు. జిప్పు పూర్తిగా పట్టక గుడ్డ కుందేలు చెవి ఒకటి బయటికి వేలాడుతోంది.

సోఫాలో కూర్చున్న చెల్లెలి అత్తగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"నిన్నటిదాకా లేని అనుమానం పొద్దున్నే ఎక్కణ్ణించి ఊడిపడిందమ్మా? పళ్ళు తోముకుంటుంటే పుట్టిందా?"

"అవునండీ," అంది అక్క. "నిజంగానే పళ్ళు తోముకుంటుంటేనే."

వేరే రోజైతే ఆ మాటకి ముగ్గురూ నవ్వేవాళ్ళు.

పిట్ట చెల్లెలి కూతురు. పిట్ట తిన్నట్టు తింటుందని ఆ పేరు. అది ముద్దుకి తినడం కాదు, గత్యంతరం లేక. తిన్నదాంట్లోంచి పుట్టే విషాన్ని విరిచేసే జన్యువు ఒకటి దాని కాలేయంలో పుట్టుకతోనే లేదు. ఒక గ్లాసు పాలు ఎక్కువైతే వాంతులు, మత్తు, ఆపైన స్పృహ ఉండదు. ఈ ఏడాదిలోనే రెండుసార్లు అలా పడిపోయింది. మూడోసారి లేస్తుందని హామీ ఇవ్వలేనని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేసింది.

ఆ లేని జన్యువుని బయట తయారుచేసి కాలేయంలోకి పంపాలి. ఒట్టి జన్యువు రక్తంలో పడితే దారిలోనే ముక్కలైపోతుంది. అందరికీ వాడేది జన్యువుని వైరస్ మీద ఎక్కించి పంపే పద్ధతి, అది పిట్ట ఒంటికి పడదు. మిగిలిన దారి ఒక్కటే. జన్యువుని పొట్లంలా చుట్టి కణం లోపలికి దాటించే పాలిమర్. ఆ పాలిమర్‌ని ల్యాబ్‌లో తయారుచేసేది అక్క.

"ఇది తయారైన రోజు ఫోన్‌లో ఏడ్చింది ఎవరు?" చెల్లెలి గొంతు పైకి లేచింది. "పిట్ట ఇక అందరిలాగే తింటుందే అని గంతులేసింది ఎవరు?"

"నేనే."

"ఇప్పుడు అడ్డం కూర్చుంది?"

"అదీ నేనే. ఒక్క గంట ఆగు. తూకంలో తేడా వచ్చిందేమోనని భయంగా ఉంది. తాబేలుకి చెప్పాను, మిషను మీద పరీక్ష పెట్టమని."

"ఎవరికీ?" అత్తగారు ముందుకి వంగింది.

"మా ల్యాబ్‌లో ఆయనండీ. పెద్దాయన. ప్రతి పనీ నిదానంగా చేస్తాడని అందరూ అలా పిలుస్తారు."

"శుభం. నా మనవరాలి ప్రాణం తీసుకెళ్ళి తాబేలు చేతిలో పెట్టావా!"

"మీ హెడ్ ఏమన్నాడు?" చెల్లెలు అడిగింది. "ఆయన్ని అడిగావు కదా. చెప్పు. అత్తయ్య ముందు చెప్పు."

అక్క తల దించుకుంది. "పరీక్షలన్నీ పాసయ్యాయి, సొంత పిల్ల కాబట్టి కంగారు పడుతున్నావు అన్నాడు."

"విన్నారా అత్తయ్యా?"

"వినకేం. చెవులు బాగానే పనిచేస్తున్నాయి."

"డాక్టరుకి చేశాను, ఎత్తలేదు. ఆస్పత్రి కౌంటర్‌కి చేశాను. పేషెంటు ఇంకా రాలేదమ్మా, వచ్చాక డాక్టరుగారికి చెప్తాం అన్నారు. అందుకే ఇక్కడికి వచ్చి కూర్చున్నా. మీరు గడప దాటకపోతే చాలు, నాకింకేం అక్కర్లేదు."

"ఈ రోజు దాటితే మళ్ళీ ఎప్పుడిస్తారు?"

అక్క ఒళ్ళోని హెల్మెట్‌ని అటూ ఇటూ తిప్పింది.

"చెప్పు! ఎప్పుడిస్తారు?"

"తెలీదు."

"నాకు తెలుసు. ఈలోపు పిట్ట మళ్ళీ పడిపోతుంది. అప్పుడు నువ్వు ల్యాబ్‌లో చక్కగా చేతులు కడుక్కుంటుంటావు. నేను ఐసీయూ బయట స్టీలు కుర్చీలో కూర్చుని ఉంటాను. అవునులే, పిల్లల్లేని దానివి, నీకేం తెలుస్తుంది ఆ కుర్చీ ఎంత చల్లగా ఉంటుందో."

బాత్రూంలో కుళాయి కారుతున్న చప్పుడు వినిపిస్తోంది. మరిది, అంటే చెల్లెలి భర్త, స్నానం చేస్తున్నాడని ఇందాకే చెప్పారు. పిట్ట లోపల పడుకుని ఉందన్నారు.

అక్క హెల్మెట్ అద్దం మీద వేలితో గీతలు గీసింది. కళ్ళు ఎత్తలేదు.

అప్పుడు చెల్లెలి ఫోను టింగుమంది.

చెల్లెలు తెర చూసి, ఫోను బోర్లించి, సోఫా చేతి మీద కూర్చుంది. భుజాలు కిందికి జారాయి.

"కాఫీ తాగుతావా?" అంది.

అక్క తలెత్తింది. ఇంతసేపూ గొంతు చించుకున్న మనిషి. ఒంటికాలి మీద లేచిన మనిషి. కాఫీ తాగుతావా అని అడుగుతోంది.

"పిట్ట ఏది?"

"పడుకుందని చెప్పా కదా."

"మరిది?"

"స్నానం."

"ఇంతసేపా?"

చెల్లెలు గోడకేసి చూసింది. అత్తగారు మళ్ళీ కళ్ళజోడు తీసింది.

అక్క లేచి లోపలికి పరిగెత్తింది. పిట్ట గదిలో దుప్పటి పక్కకి తోసి ఉంది. మంచం కింద చిన్న చెప్పులు లేవు. బాత్రూం తలుపు నెడితే తెరుచుకుంది. కుళాయి కింద బకెట్ నిండి పొర్లుతోంది. మనిషి లేడు. వంటింటి వెనక మెట్ల తలుపు ఓరగా తెరిచి ఉంది.

ఇందాకటి గొడవంతా ఎందుకు సాగిందో అప్పుడర్థమైంది. అక్క వీధి తలుపుకి కాపలా కాస్తుంటే, చెల్లెలు అక్కకి కాపలా కాసింది.

"కుళాయి తిప్పింది నేనే," అత్తగారు గుమ్మంలోంచి అంది. ఆవిడ గొంతులో ఇందాకటి పుల్లవిరుపు లేదు. "ఏం చెయ్యమంటావు? అది నా మనవరాలు."

అక్క చెల్లెలి చేతిలోంచి ఫోను లాక్కుంది. మరిది పంపిన మెసేజ్ ఒక్కటే మాట.

'మొదలుపెట్టారు.'

*

టాక్సీ వెనక సీట్లో అక్కచెల్లెళ్ళు చెరో కిటికీ దగ్గర కూర్చున్నారు. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటు.

అక్క ఆస్పత్రికి ఫోన్ చేస్తూనే ఉంది. కౌంటర్ బిజీ. డాక్టరు ఎత్తదు. మరిది నెంబరు కలవదు.

"ఫోను ఆపేశాడు," అంది అక్క.

"నేనే ఆపమన్నాను. నువ్వు ఆయనకి చేస్తావని."

సిగ్నల్ దగ్గర టాక్సీ ఆగింది. పక్కన స్కూలు బస్సు. కిటికీ అద్దానికి ముక్కు నొక్కి ఒక పిల్ల నాలుక బయటపెట్టింది. చెల్లెలు మొహం తిప్పేసుకుంది.

"ఏం చేశావు?" అంది, అక్క వైపు చూడకుండానే. "తూకంలో తేడా అన్నావు. దేన్నో చూసి ఇంకేదో అనుకున్నావా? తప్పు సీసా తీశావా?"

"అలాంటిదేం కాదు. మరీ శ్రద్ధగా చేశాను."

"అర్థమయ్యేట్టు చెప్పు."

"ఆ పాలిమర్ పొడికి ఒక గుణం ఉంది. మూత తీస్తే చాలు, గాలిలో తడి తాగేస్తుంది. తూచేలోపే బరువెక్కుతుంది. చెంచాకి బెల్లంలా అంటుకుంటుంది. మేమంతా ఎప్పుడూ బల్ల మీదే తూస్తాం. నేను ఉద్యోగంలో చేరకముందు నుంచీ అదే అలవాటు. ఎలుకలకి ఇచ్చినా, ఆ తర్వాత మనుషులకి ఇచ్చినా, ఇంత బరువైతే ప్రమాదం లేదని తేలిన లెక్కలన్నీ ఆ తడి కలిసిన పొడితో వచ్చినవే. ఆ సంగతి ఎవరూ ఆలోచించలేదు. అవసరం పడలేదు."

"మరి పిట్టకి?"

"పిట్టకి కదా అని..." అక్క ఫోను ఒళ్ళో పెట్టుకుంది. "గాజు పెట్టెలో తూచాను. లోపల గాలి పూర్తిగా పొడిగా ఉండే పెట్టె. పెట్టెకే అతికించిన రబ్బరు తొడుగుల్లోకి చేతులు దూర్చి లోపల పని చేస్తాం. ఒక్క దుమ్ము కణం కూడా పడకూడదనుకున్నా. పొడి పిండిలా జారింది. ఎంత బాగా వచ్చిందో అని మురిసిపోయాను. పొద్దున బ్రష్ మీద పేస్టు పెట్టుకుంటుంటే తట్టింది. ఈ పొడి ఎప్పుడూ అంటుకుంటుంది కదా, నిన్న ఎందుకు జారింది అని."

"జారితే?"

"అందులో తడి లేదన్నమాట. తడి ఉండాల్సిన చోట కూడా పాలిమరే ఉంది. త్రాసు మీద అంకె అదే, లోపల పాలిమర్ ఎక్కువ."

టాక్సీ కదిలింది.

"ఎక్కువైతే ఏమవుతుంది?"

"పొట్లాలు కట్టగా మిగిలిపోయింది రక్తంలో వదులుగా తిరుగుతుంది. కణాల గోడలకి అంటుకుంటుంది. వాటిని చింపుతుంది. ముందు ఎర్రకణాలని."

"పరీక్ష పాసైందన్నాడుగా మీ హెడ్?"

"పరీక్షకి పొడి తూచింది తాబేలు. బల్ల మీద."

చెల్లెలు ముందు సీటు మీద అరచేత్తో కొట్టింది. "బాబూ, ఇంకాస్త తొందరగా పోనివ్వవా?"

"ముందు లారీ ఉందమ్మా," అన్నాడు డ్రైవరు. "దాని మీంచి ఎగరనా?"

*

లిఫ్టు ముందు మంచం మీద రోగిని పెట్టుకుని ఇద్దరు నిలబడి ఉన్నారు. అక్క మెట్లెక్కింది. వెనకాలే చెల్లెలు. పిల్లల వార్డు పై అంతస్తులో ఉంది. చేరేసరికి ఇద్దరికీ ఊపిరి అందడంలేదు.

గది తలుపు దగ్గర నర్సు చెయ్యి అడ్డం పెట్టింది. "లోపలికి తల్లిదండ్రులే."

"నేను తల్లిని. ఈవిడ..." చెల్లెలు ఒక్క క్షణం తడబడింది. "ఈవిణ్ణి కూడా వదలండి."

పిట్ట మంచం మీద దిండుకి ఆనుకుని ట్యాబ్‌లో బొమ్మలు చూస్తోంది. ఎడమ చేతికి ప్లాస్టర్, ప్లాస్టర్ కింద సూది, సూది నుంచి పైకి గొట్టం. గొట్టం చివర స్టాండుకి వేలాడుతున్న సంచి.

అక్క పిట్ట కంటే ముందు సంచినే చూసింది.

పాలిమర్, జన్యువు సరైన పాళ్ళలో కలిస్తే ఆ నీళ్ళకి పలచని తెలుపు వస్తుంది. బియ్యం కడిగిన రెండో నీళ్ళ రంగు. అక్కకి ఆ రంగు కంటి మీద అచ్చుపడినట్టు తెలుసు. పాలిమర్ మరీ ఎక్కువైతే పొట్లాలు చిన్నవైపోయి ఆ తెలుపు కనబడదు.

సంచిలో ఉన్నది కుళాయి నీళ్ళలా తేటగా ఉంది. సంచి వెనక కిటికీ చువ్వలు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"ఆపండి," అంది.

కుర్చీలోంచి మరిది ఇంతెత్తున లేచాడు. "వదినా, దాన్ని ముట్టుకోకు!"

అక్క గొట్టం మీదున్న చిన్న చక్రాన్ని బొటనవేలితో కిందికి నొక్కేసింది. చుక్కలు ఆగాయి. స్టాండు మీది మిషను కీచుమని అరవడం మొదలుపెట్టింది.

"పెద్దమ్మా, అడ్డం తప్పుకో," అంది పిట్ట. "ఏనుగు కనబడట్లేదు."

మిషను అరుపుకి డాక్టరు వచ్చింది. నడివయసు మనిషి. కళ్ళజోడు నెత్తి మీదికి నెట్టుకుని ఉంది.

"ఎవరు ఆపింది?"

"నేను. ఈ పాలిమర్ తయారుచేసింది కూడా నేనే."

"ఓహో. అయితే ఇది ఇవ్వొచ్చని సంతకం పెట్టింది మీరే."

"అవును."

"ఇప్పుడు వద్దంటున్నదీ మీరే."

"అవును. పాలిమర్ ఎక్కువ పడింది. సంచి చూడండి, ఎంత తేటగా ఉందో."

"ఇది మాకు మొదటిసారి," డాక్టరు సంచిని వెలుతురులోకి తిప్పింది. "ఎలా ఉండాలో నాకెలా తెలుస్తుంది? మీ ల్యాబ్ హెడ్‌కి ఇందాక ఫోన్ చేశాను. అంతా బాగుంది, మొదలుపెట్టండి అన్నారు."

"చూశారా!" మరిది డాక్టరుకీ అక్కకీ మధ్యకి వచ్చాడు. "ఈవిడ పొద్దుటి నుంచి ఇదే గోల. డాక్టర్, ఒక్క మాట చెప్పండి. కలిపిన మందు ఎంతసేపు నిలవుంటుంది?"

"ఎంతోసేపు ఉండదు. ఆగేకొద్దీ ముద్దలు కడుతుంది. ముద్ద కట్టాక ఎక్కించకూడదు."

"ఇంకో సీసా ఉందా?"

"జన్యువు ఉన్నది ఒక్క సీసా. పాప కోసమే తయారుచేయించింది. అది ఇందులో కలిసిపోయింది."

ట్యాబ్‌లో ఏనుగు ఘీంకరించింది. పిట్ట కిసుక్కున నవ్వింది.

"చూడండి దాన్ని," మరిది గొంతు తగ్గించాడు. అరుపు కంటే ఆ గొంతే అక్కని ఎక్కువ భయపెట్టింది. "ఏమైనా అయిందా? హాయిగా నవ్వుతోంది. సగానికి సగం వెళ్ళిపోయింది కూడా. అయ్యేదుంటే ఈపాటికి అయ్యేది కదా. వదినా, నీ మీద నాకు కోపం లేదు. నీకు భయం వేసింది. నాకూ వేస్తోంది. కానీ నువ్వు భయపడ్డావని నా కూతురి బతుకు చెత్తబుట్టలో పోస్తానా?"

డాక్టరు పిట్ట మణికట్టు పట్టుకుని చూసింది. నుదురు తాకింది. కనురెప్ప కిందికి లాగి చూసింది. "ఇప్పటికైతే మామూలుగానే ఉంది. రక్తం తీసి పరీక్షకి పంపిస్తాను."

"ఫలితం వచ్చేసరికి మందు ముద్ద కట్టదా?"

"కట్టొచ్చు."

డాక్టరు చూపు గొట్టం మీది చక్రం వైపు వెళ్ళింది. అక్క దాన్ని ఇంకా పట్టుకునే ఉంది. వేలు తెల్లబడిపోయింది.

"ఖచ్చితంగా తెలుసా మీకు?" డాక్టరు అడిగింది. "అనుమానమా, తెలుసా?"

అబద్ధం చెబితే పని అయిపోతుంది. ఆ సంగతి అక్కకి తెలుసు. నోరు తెరిచింది.

"అనుమానమే. మిషను ఫలితం ఇంకా రాలేదు."

మరిది పెద్దగా ఊపిరి వదిలాడు. డాక్టరు చెల్లెలి వైపు తిరిగింది. "అమ్మా, మీరేమంటారు?"

చెల్లెలు భర్తని చూసింది. సంచిని చూసింది. పిట్ట మంచం వైపు ఒక అడుగు వేసింది.

"అమ్మా," అంది పిట్ట. "బాత్రూమ్."

నర్సు గొట్టం విడదీసి సూదికి మూత పెట్టింది. చెల్లెలు పిట్టని చంకనెత్తుకుని గదిలోనే ఉన్న బాత్రూంలోకి తీసుకెళ్ళింది. ఆరేళ్ళ పిల్లని నడిపించొచ్చు. ఎత్తుకునే వెళ్ళింది.

మరిది ఆ తలుపు మూసుకోగానే అక్క దగ్గరికి వచ్చాడు. "చక్రం వదిలెయ్ వదినా. నీకు దండం పెడతాను."

"మరిదిగారూ..."

"కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను. వదిలెయ్."

లోపల్నించి పిట్ట గొంతు వినిపించింది. "అమ్మా, నేను బీట్‌రూట్ తినలేదు కదా?"

ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. నీళ్ళు పోసిన చప్పుడు కూడా.

"అక్కా."

పొద్దుటి నుంచి ఆ పిలుపు వినలేదు. అక్క వేళ్ళు వాటంతటవే చక్రాన్ని వదిలేశాయి.

"అక్కా, ఒకసారి లోపలికి రా."

*

అక్క బయటికి వచ్చేసరికి ముఖాన నెత్తురు చుక్క లేదు. డాక్టరు లోపలికి వెళ్ళి, చూసి, వెంటనే వచ్చేసింది. ఆమె నడక మారిపోయింది.

"మూత్రం ఎర్రగా వస్తోంది, ఎర్రకణాలు పగులుతున్నాయి," అంది నర్సుతో. "రక్తం బ్యాంకుకి ఫోన్ చెయ్. ఐసీయూలో మంచం సిద్ధం చెయ్యమను." అక్క వైపు తిరిగింది. "వెళ్ళిపోయినదాన్ని వెనక్కి లాగడానికి ఏమైనా ఉందా? మీ ల్యాబ్‌లో ఏం వాడతారు?"

"హెపారిన్."

"రక్తం గడ్డకట్టకుండా ఇస్తాం, అదా?"

"అదే. ఈ పాలిమర్ దానికి అయస్కాంతానికి ఇనుప రజను అంటుకున్నట్టు అంటుకుంటుంది. వదులుగా తిరుగుతున్నదాన్ని హెపారిన్ పట్టి కట్టేస్తుంది. గిన్నెల్లో కణాల మీద ఎన్నోసార్లు చేశాం."

"పిల్లల మీద?"

"ఎవరూ చెయ్యలేదు."

మరిది మంచం కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ఇందాకటి మనిషి కాదు. "ఇస్తే... ఎక్కిన జన్యువు సంగతేంటి?"

అక్క అతని కళ్ళలోకి చూడలేకపోయింది. "కట్టిన పొట్లాలని కూడా హెపారిన్ విప్పేస్తుంది. చాలావరకు పోతుంది."

"అంటే మందు కూడా పోయినట్టే."

"అవును."

"ఇంకొకటి కూడా వినండి," అంది డాక్టరు. "పాపకి కాలేయమే సరిగా పనిచెయ్యదు. రక్తం గడ్డకట్టడం ముందే అంతంతమాత్రం. హెపారిన్ ఎక్కువైతే ఎక్కణ్ణించైనా రక్తం కారొచ్చు. మెదడులోనైనా. తక్కువైతే కణాలు పగులుతూనే ఉంటాయి. ఎంత ఇవ్వాలో సరిగ్గా చెప్పగలిగితేనే ఇస్తాను."

అక్క గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. సంచిలో పోయింది సుమారు సగం. బల్ల మీద తూచిన పొడిలో తడి ఎంత ఉంటుంది? ఎవరూ కొలవలేదు. పావు వంతు ఉంటుందని ఏనాడో ఎవరో అనగా విన్నది. ఆ లెక్కన మిగులు ఇంత. దానికి హెపారిన్ ఇంత. మళ్ళీ ఒకసారి లెక్క వేసుకుంది. పెదవులు కదులుతున్నాయి.

అంకె చెప్పింది.

"మళ్ళీ ఈవిడ లెక్కేనా?" మరిది అన్నాడు. అరవలేదు. ఎవరినీ అడిగినట్టు లేదు.

పిట్ట మంచం మీద ఒత్తిగిలి పడుకుంది. ట్యాబ్ పక్కన పడేసింది. "నడుం నొప్పిగా ఉందమ్మా," అంది.

చెల్లెలు కూతురి వీపు మీద చెయ్యి వేసింది. "ఇవ్వండి డాక్టర్. అక్క చెప్పినంత ఇవ్వండి."

నర్సు సిరంజిలోకి మందు లాగింది. డాక్టరు అంకె గట్టిగా చదివింది. అక్క తలూపింది. మందు సూది గుండా నెమ్మదిగా లోపలికి వెళ్ళింది. సిరంజి ఖాళీ అయ్యేదాకా ఆ ఐదుగురిలో ఒక్కరూ రెప్ప వెయ్యలేదు.

అక్క ఫోను మోగింది.

"తాబేలు," అంది అక్క. వేలు తగిలి స్పీకర్ నొక్కుకుపోయింది. ఎవరూ ఆపమనలేదు.

"మేడమ్, ఆలస్యమైంది. మిషను వేడెక్కడానికి కాస్త టైం పట్టింది. తర్వాత ఏమైందంటే..."

"ఫలితం చెప్పండి సార్. ఫలితం ఒక్కటే చెప్పండి."

"అదే చెప్తున్నా. ఒక్కటే పరీక్షిస్తే మనకి తేడా తెలీదు కదా అని నేను రెండూ పెట్టాను. గాజు పెట్టెలో మీరు తూచగా మిగిలిన పొడి, నేను బల్ల మీద తూచిన పొడి. మీ పొడిలో తడి అసలు లేదు మేడమ్. సున్నా."

"అనుకున్నదే. మీ దాంట్లో?"

"అక్కడే నాకు నమ్మకం కుదరక మళ్ళీ పెట్టాను. అందుకే ఆలస్యం. బల్ల మీద పొడిలో సగం నీళ్ళే మేడమ్. సగానికి సగం. ఇన్నేళ్ళూ మనం నీళ్ళు తూచుకుంటున్నాం."

అక్క ఫోను రెండు చేతులా పట్టుకుంది. ఆపేసింది.

"ఏమంటాడు?" డాక్టరు అడిగింది. "దాని అర్థమేంటి?"

"నేను పావు వంతు అనుకుని లెక్కేశాను. సగమట." అక్క మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. "మిగిలిపోయిన పాలిమర్ నేను అనుకున్నదానికి రెట్టింపు. ఇచ్చిన హెపారిన్ చాలదు. ఇంకా ఇవ్వాలి."

"ఎంత?"

"ఇందాక ఇచ్చినంత. మళ్ళీ."

డాక్టరు కొత్త సిరంజి అందుకోవడానికి చెయ్యి చాపింది. చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

పిట్ట ఎడమ చేతి ప్లాస్టర్ మీద, సూది ఉన్నచోట, ఎర్రటి చుక్క ఒకటి కనిపించింది. అందరూ చూస్తుండగానే అది అంచులు దాటి వెడల్పైంది. నర్సు దూది పెట్టి అదిమింది. దూది కూడా ఎర్రబడింది.

"మొదటిదానికే ఆగట్లేదు," అంది నర్సు.

"రెండోది ఇస్తే ఏం జరుగుతుందో నేను చెప్పలేను," డాక్టరు అంది. "ఇవ్వకపోతే ఏం జరుగుతుందో ఈవిడ చెప్పారు. అమ్మా, నాకు ఇప్పుడే తెలియాలి."

మరిది గోడకి జారగిలబడి నేల మీదికి దిగిపోయాడు.

చెల్లెలు దూదిని చూస్తూ ఉండిపోయింది. తర్వాత తలెత్తి అక్కని చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండునని అక్కకి అనిపించింది.

"నిజం చెప్పు అక్కా. గాజు పెట్టెలో పొడి తూచావే, అప్పుడు నీకెంత నమ్మకం ఉంది?"

అక్క పిట్ట చేతి మీది దూదిని చూసింది.

"ఇప్పుడున్నంత," అంది.